మిద్దెతోట చెత్తను మిద్దె మీదే ఎరువుగా మార్చుకోవడం ఎలా?

మిద్దె మీద ఓ యాభై కుండీలు పెట్టుకున్న ఇంట్లో కూరగాయల కంటే ఎక్కువగా పోగయ్యేది చెత్తే. కాపు అయిపోయిన బీర తీగ, పురుగు తిన్న వంకాయలు, ముదిరిపోయిన తోటకూర కాడలు, కత్తిరించిన మునగ కొమ్మలు, చిరిగిన గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు), సారం పోయిన పాత మట్టి. చాలామంది ఇవన్నీ గోనెసంచిలో కుక్కి, పొద్దున్నే వచ్చే చెత్త ఆటోకి ఇచ్చేస్తారు. అదే వారంలో నర్సరీకి వెళ్లి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకలు, వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) బస్తా కొనుక్కొస్తారు. కిందికి దించిన సంచిలో ఉన్నదీ, డబ్బులిచ్చి పైకి మోసినదీ దాదాపు ఒకటే సరుకు.

ఆ సంచి హైదరాబాదులో అయితే జవహర్‌నగర్ వైపు, విశాఖలో అయితే కాపులుప్పాడ వైపు వెళ్తుంది. డంపింగ్ యార్డు గుట్టల అడుగున గాలి తగలక కుళ్లే తడి చెత్త నుంచి మీథేన్ పుడుతుంది, నల్లటి రసం ఊరి భూమిలోకి ఇంకుతుంది. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లు దాని వాసనతో, దోమలతో, పాడైన నీళ్లతో ఏళ్ల తరబడి బతుకుతున్నారు. అదే చెత్త మీ మిద్దె మీద గాలి తగిలే డ్రమ్ములో ఉంటే నెలన్నర నుంచి మూడు నెలల్లో ఎరువవుతుంది. అందుకే మిద్దెతోట పెట్టుకున్నవాళ్లు విత్తనం వేసిన రోజే చెత్త సంగతి కూడా చూసుకోవాలని నా పట్టుదల.

ముందు చెత్తను విడదీయండి

తోటలో పని చేసేటప్పుడు పక్కన ఒక్క సంచి కాదు, నాలుగు పెట్టుకోండి. పచ్చివి ఒకదాంట్లో, ఎండినవి ఒకదాంట్లో, తెగులో పురుగో పట్టినవి ఇంకోదాంట్లో, కుళ్లనివి (ప్లాస్టిక్, నైలాన్ తాళ్లు, కవర్లు) నాలుగోదాంట్లో. తర్వాత విడదీద్దాంలే అనుకుంటే జరగదు. బీర పాదు పీకేటప్పుడే దానికి చుట్టుకున్న నైలాన్ తాడు విప్పాలి. ఒకసారి డ్రమ్ములో పడితే ఆర్నెల్ల తర్వాత కూడా ఆ తాడు అలాగే చేతికి చుట్టుకుంటుంది. అందుకే పందిరికి కొబ్బరి పీచు తాడో జనపనార పురికొసో వాడితే ఈ బాధ సగం తప్పుతుంది.

అసలు సంచిలోకే వెళ్లనక్కర్లేనివి చాలా ఉన్నాయి. చిక్కుడు, బీన్స్, అలసంద కాపు అయిపోతే వేళ్లతో పీకకండి. మొదలు దగ్గర కత్తిరించి వేళ్లు మట్టిలోనే వదిలేయండి. వేళ్ల మీద చిన్న బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి ఉంచిన సూక్ష్మజీవులుంటాయి. ఆ వేళ్లు కుళ్లితే తర్వాతి పంటకు బలం. పైన కత్తిరించిన తీగను జానెడు ముక్కలు చేసి అదే కుండీ మీద పరిచేస్తే ఎండాకాలంలో మట్టి త్వరగా ఆరదు, రోజుకు రెండుసార్లు నీళ్లు పోసే పని ఒకసారికి తగ్గుతుంది. కొత్తిమీర కాడలు, కలుపు (విత్తనం పట్టకముందు పీకింది), ముల్లంగి ఆకు, అన్నీ ఇలాగే. ఆరోగ్యంగా ఉన్న ఆకుకి డ్రమ్ము దాకా ప్రయాణం అనవసరం.

ఎండుటాకులు దాచుకోండి

ఇంట్లో కంపోస్టు చేయబోయి వాసన భరించలేక మానేసినవాళ్లను అడిగి చూడండి, దాదాపు అందరి దగ్గరా లోపించింది ఒకటే, ఎండు సరుకు. కూరగాయ తొక్కల్లో, పచ్చి ఆకుల్లో నీళ్లు ఎక్కువ, నత్రజని ఎక్కువ. వాటిని మాత్రమే డబ్బాలో వేస్తే ముద్దయిపోయి గాలి ఆడదు, కుళ్లి కంపు కొడుతుంది. కుప్ప చక్కగా మాగాలంటే ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉండాలి. ఆ కర్బనం ఎండుటాకుల్లో ఉంది. బకెట్ల లెక్కలో చెప్పాలంటే ఒక బకెట్ తడి చెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు. వానాకాలంలో మూడు వేసినా తప్పులేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మన ఊళ్లలో ఆకు రాలేది సంక్రాంతి నుంచి ఉగాది దాటేదాకా. బాదం ముందు రాలుతుంది, తర్వాత వేప, రావి, కానుగ. ఆ రోజుల్లో వీధిలో ఎటు చూసినా ఆకే. ఎండుటాకు నిజంగా అవసరపడేది మాత్రం జూలై నుంచి అక్టోబరు దాకా, గాలిలోనే తేమ నిండి ఉండి, తొక్కలు రెండు రోజుల్లో నీరుగారిపోయే కాలంలో. అప్పుడు వెతికితే ఒక్క ఎండిన ఆకు దొరకదు. కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీరు చేయాల్సిన పెద్ద పని ఆకులు పోగేసుకోవడమే.

బియ్యం సంచులు తీసుకోండి. మీ ఆవరణలో రాలినవి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఊడ్చినవి, వీధి ఊడ్చే అమ్మను అడిగితే ఆమె పక్కన పెట్టేవి నింపండి. సంచి నిండాక కాలితో తొక్కితే సగానికి దిగుతుంది, మళ్లీ నింపండి. గుట్కా కవర్లు, చాక్లెట్ కాగితాలు, గాజు పెంకులు ఏరేయండి. బాదం, పనస లాంటి మందపాటి ఆకులను నలిపి వేస్తే త్వరగా మాగుతాయి. సంచులు మెట్ల కిందో, వాన పడని మూలో పెట్టుకోండి, గ్యాస్ సిలిండర్లకు, మోటారు స్విచ్చులకు దూరంగా. దీపావళి నాడు మిద్దె మీదున్న సంచుల మీద తడి గోనె కప్పడం మర్చిపోకండి. ఎక్కడో వేసిన రాకెట్టు మీ ఆకుల్లో పడొచ్చు.

ఆకులు బొత్తిగా దొరకకపోతే వేరుశనగ పొట్టు, టేపులు తీసేసి చింపిన అట్టపెట్టెలు, పాత కోకోపీట్ వాడండి. రంపపు పొట్టు కూడా పనికొస్తుంది కానీ ప్లైవుడ్ కోసిన చోటిది వద్దు, అందులో జిగురు రసాయనాలుంటాయి. వరి ఊక మాగడానికి చాలా కాలం పడుతుంది, అది మట్టి గుల్లబారడానికి వాడుకోవచ్చు గానీ కంపోస్టుకు మొదటి ఎంపిక కాదు.

ఎండుటాకులను తగలబెట్టడం గురించి ఒక్క మాట. చలికాలం పొద్దున కాలనీల్లో లేచే ఆ పొగ నేలకు దగ్గరగానే తిరుగుతూ పిల్లల, ముసలివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తోట చెత్తను కాల్చొద్దనీ, వీధిలో పారేయొద్దనీ, విడిగా ఉంచాలనీ చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో అయితే 25,000 రూపాయలు జరిమానా అని ఆదేశించింది. జరిమానా సంగతి అలా ఉంచినా, వానాకాలంలో మీకు కావలసిన సరుకునే మీరు బూడిద చేస్తున్నారు.

డ్రమ్ము తయారీ

ఖరీదైన కంపోస్టర్లు, కరెంటుతో నడిచే యంత్రాలు అక్కర్లేదు. పాత సామాన్ల షాపులో 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము కొనండి. ముందు అందులో ఏం పోశారో అడగండి, రసాయనాలు పోసింది వద్దు, తినే సరుకులు పోసిందైతే మంచిది. చుట్టూ జానెడుకొకటి చొప్పున, అడుగున పది పన్నెండు అర అంగుళం రంధ్రాలు వేయించండి. ఎలుకలు తిరిగే చోటైతే లోపలివైపు సన్నటి ఇనుప జాలీ బిగించండి. ఇద్దరు ముగ్గురే ఉండే ఇల్లు, పది పదిహేను కుండీల తోట అయితే 50 లీటర్ల డబ్బాలు రెండు చాలు.

నిండిన డ్రమ్ము బరువు వంద కిలోలు దాటుతుంది. స్లాబు మధ్యలో కాకుండా కింద బీమో గోడో ఉన్న చోట, నీడ పడేలా పెట్టండి. అడుగున ఇటుకలు పేర్చి ఎత్తు చేయండి, రసం నేరుగా స్లాబు మీద పడి మరకలవకుండా కింద పళ్లెం ఉంచండి. ఆ పళ్లెం వానాకాలంలో రెండు రోజులకోసారి ఖాళీ చేయాల్సిందే. డెంగీ దోమకు ఆ కాసిన్ని నీళ్లే ఎక్కువ. మిద్దె అందరిదీ అయితే మొదలుపెట్టేముందే అసోసియేషన్‌కు ఒక మాట చెప్పండి, తర్వాత టెన్షన్ ఉండదు.

నింపే పద్ధతి

అడుగున నాలుగంగుళాల మందాన ఎండు పుల్లలు, కొబ్బరి పీచు ముక్కలు వేయండి. దాని మీద బెత్తెడు ఎండుటాకు. దాని మీద ఆ రోజు తడి చెత్త, వీలైనంత చిన్న ముక్కలుగా. పైన ఒక పిడికెడు పాత కంపోస్టో, పశువుల ఎరువో చల్లి, తడి చెత్త ఏమాత్రం కనబడకుండా మళ్లీ ఎండుటాకులు కప్పండి. రోజూ ఇంతే. తొక్క కనబడితే ఈగ వస్తుంది, కనబడకపోతే రాదు.

వేగంగా మాగడానికంటూ అమ్మే పొడుల మీద డబ్బు పెట్టనక్కర్లేదు. పాత కంపోస్టులో ఉన్న సూక్ష్మజీవులే పని మొదలుపెడతాయి. మొదటిసారి చేస్తూ ఏమీ లేకపోతే పుల్ల మజ్జిగలో కాస్త బెల్లం కలిపి చల్లండి, లేదా జీవామృతం పోయండి. జీవామృతం మిద్దెకు సరిపడా కావాలంటే 20 లీటర్ల నీళ్లలో కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు చెట్టు కింది మట్టి కలిపి, నీడలో రెండు రోజులు పొద్దున సాయంత్రం కలియబెడితే తయారవుతుంది. మిగిలింది వారంలోపు పది రెట్ల నీళ్లు కలిపి కుండీలకు పోసుకోవచ్చు.

మూడు నాలుగు రోజులకు గ్లౌజు వేసుకుని (జెర్రులు ఉండొచ్చు) పై ఆకు పక్కకు తోసి, మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగలాలి. పైకి తీస్తే టమాటా తొక్క రంగు వెలిసి వేళ్ల మధ్య జారిపోతుంటుంది. వేపాకు మాత్రం ఈనెతో సహా అలాగే ఉండి, దాని చుట్టూ తెల్లటి బూజు దారాలు పాకి ఉంటాయి. ఆ బూజును చూసి కంగారు పడకండి, ఆకును విరగ్గొట్టేది అదే. ఇప్పుడు ఓ గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండుటాకులు వేసి కలపండి, అసలు రాకపోతే నీళ్లు చిలకరించండి. ఈ పిండి చూడటం ఒక్కటి అలవాటైతే మిగతాదంతా చేతికే తెలుస్తుంది.

వారానికోసారి కర్రతోనో పలుగుతోనో అడుగు నుంచి కలియబెట్టండి. డ్రమ్ము నిండాక దాన్ని వదిలేసి రెండోది మొదలుపెట్టండి. ఎండాకాలంలో నెలన్నర, వానల్లో చలిలో మూడు నెలల దాకా పడుతుంది. నిండుగా ఉన్నది మూడో వంతుకు దిగి, నల్లగా పొడిపొడిగా, మట్టి వాసన వస్తుంటే అయినట్టే. జల్లెడ పట్టి, పైన మిగిలిన ముతకను కొత్త డ్రమ్ములో వేయండి. సగం మాగింది కుండీల్లో వేస్తే వేళ్ల దగ్గర వేడి పుట్టి, మట్టిలోని నత్రజనిని అదే లాక్కుని, మొక్క పసుపు తిరుగుతుంది. తొందరపడకండి.

వండిన కూరలు, నూనె, మాంసం ముక్కలు వేయకండి, ఎలుకలు వచ్చేది వాటికే. ఉల్లి, నిమ్మ తొక్కలు డ్రమ్ములో పరవాలేదు, వానపాముల తొట్టెలో మాత్రం వద్దు. పండగల పూలు మంచి సరుకు. వినాయక చవితి పత్రి, బతుకమ్మ బంతి, గునుగు, దసరా దండలు, అన్నీ దారాలూ మెరుపు కాగితాలూ తీసేసి ఎండుటాకులతో కలిపి వేయండి.

కుళ్లిన కంపు వస్తే గాలి ఆడటం లేదని అర్థం. కిందామీదా చేసి ఎండుటాకు పెంచండి. చీమలు పట్టాయంటే మరీ పొడిగా ఉందన్నమాట. గోధుమ రంగులో లావుగా పురుగులు గుంపుగా కనబడితే చాలామంది భయపడి మొత్తం పారబోస్తారు. అవి ఎక్కువగా బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగులు. కుట్టవు, మొక్కల్ని తినవు, తొక్కల్ని మాత్రం ఆవురావురుమని తిని కుప్పను త్వరగా కరిగిస్తాయి. చూడ్డానికి నచ్చకపోతే ఎండుటాకులు ఎక్కువ కప్పండి, వాటంతటవే తగ్గుతాయి.

తెగులు పట్టిన మొక్కలు

పెద్ద కుప్పల్లో వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలబడితే తెగుళ్లు, కలుపు విత్తనాలు చస్తాయి. ఇంటి డ్రమ్ము అంత వేడిని అంతటా నిలపలేదు. కాబట్టి ఇక్కడ జాగ్రత్త కావాలి.

పిండినల్లి, పేనుబంక పట్టిన కొమ్మలను తీసిన వెంటనే ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి బిగించి ఎర్రటి ఎండలో నాలుగైదు రోజులు పెట్టండి. లోపల ఉడికిపోతాయి, తర్వాత డ్రమ్ములో వేయొచ్చు. బెండకు వచ్చే పల్లాకు తెగులు తెల్లదోమ వల్ల పాకుతుంది. మొక్క చచ్చాక ఆ వైరస్ బతకదు, కానీ ఆకుల కింద దోమ ఉంటుంది కాబట్టి దాన్నీ ఇలాగే కవర్లో కట్టి ఎండబెట్టాకే వేయండి. టమాటా, వంగ, మిరప ఉన్నట్టుండి వాడిపోయి చచ్చినా, వేళ్లు పీకితే బుడిపెలు బుడిపెలుగా ఉన్నా డ్రమ్ములో వేయొద్దు. వడలు తెగులు తెచ్చే సూక్ష్మజీవులు, వేళ్లలో చేరే నులిపురుగులు మళ్లీ మీ కుండీలన్నిటికీ వెళ్తాయి. ఇవి మాత్రం వేళ్లతో సహా కవర్ లేకుండా తడి చెత్తలో కలిపి మున్సిపాలిటీ ఆటోకి ఇవ్వండి.

పాత మట్టిని పారబోయకండి

మిద్దె చెత్తలో బరువైనది, ఎక్కువమంది వదిలించుకునేది ఇదే. రెండు మూడు పంటలు తీశాక కోకోపీట్ కుంగి, మట్టి గట్టిపడి, కుండీ సగానికి దిగుతుంది. అంత మాత్రాన అది చచ్చిన మట్టి కాదు.

పంట తీశాక గ్రో బ్యాగును పట్టా మీద బోర్లించండి. గడ్డలు చితక్కొట్టి, లావు వేళ్లు తీసేయండి, సన్న వేళ్లు ఉండనివ్వండి. బోరు నీళ్లు పోసే ఇళ్లలో మట్టి పైన, కుండీ అంచుల్లో తెల్లటి పొర కనబడుతుంది. అది నీళ్లలోని లవణం. అలాంటి మట్టిని మొదటి వానల్లో అడుగు రంధ్రాలున్న తొట్టెలో వదిలేస్తే చాలావరకు కడుక్కుపోతుంది.

ఏప్రిల్, మే నెలల ఎండ మనకు ఉచితంగా దొరికే మందు. మట్టిని తడిపి, జానెడు మందం మించకుండా పరిచి, పైన పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, అంచులు గాలి పోకుండా ఇటుకలతో బిగించి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల షీటు కాదు, పారదర్శకమైనదే కావాలి, ఎండ లోపలికి దిగాలి. నులిపురుగులు, చాలా తెగుళ్ల శిలీంధ్రాలు, కలుపు విత్తనాలు ఆ వేడికి తగ్గిపోతాయి. మంచి సూక్ష్మజీవులు కూడా కొన్ని పోతాయి కాబట్టి తర్వాత జీవం తిరిగి చేర్చాలి. తొమ్మిది కిలోల కంపోస్టులో కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణిచే మంచి శిలీంధ్రం పొడి) కలిపి, తేమగా ఉంచి నీడలో గోనె కప్పి వారం పది రోజులు పెట్టండి. దీన్ని పాత మట్టిలో కలపండి. మొత్తంలో మూడో వంతు మీ డ్రమ్ము కంపోస్టు ఉండేలా చూసుకుంటే కొత్త కోకోపీట్ కొనే అవసరం దాదాపు ఉండదు.

టమాటా తీసిన మట్టిలో వెంటనే వంగ, మిరప, బంగాళాదుంప వేయకండి, అన్నీ ఒకే కుటుంబం. తోటకూర, మెంతి, గోరుచిక్కుడు వేయండి. నులిపురుగు ఉన్న కుండీలో ఓ కాపు బంతి పెంచితే ఇంకా మంచిది.

కొమ్మలు, కాయలు, మిగతావి

మునగ, జామ, నిమ్మ కొమ్మల్లో పెన్సిల్ మందం లోపువి ముక్కలు చేసి డ్రమ్ము అడుగున వేయొచ్చు. అంతకంటే లావువి ఎండబెట్టి టమాటాకు ఊతకర్రలుగా వాడండి. మునగ కొమ్మను పచ్చిగా గుచ్చితే అదే వేరు పట్టేస్తుంది, అందుకని ఎండాకే. అరటి బోదె నిండా నీళ్లు, పొటాష్ ఉంటాయి. ముక్కలుగా కోసి ఎండుటాకుల మధ్య పలుచగా వేయండి. కొబ్బరి డొక్కలను గొడ్డలితో చీల్చి పెద్ద కుండీల మీద పరిస్తే నీళ్లు ఆదా. డ్రమ్ము కింద పళ్లెంలో చేరే రసాన్ని పది రెట్ల నీళ్లు కలిపి పూల మొక్కలకు, పండ్ల మొక్కలకు పోయండి, పచ్చిగా తినే ఆకుకూరలకు వద్దు.

చిరిగిన గ్రో బ్యాగులు, డ్రిప్ పైపులు, నారు ట్రేలు మట్టి కడిగి ఆరబెట్టి పొడి చెత్తకో పాత సామాన్లవాళ్లకో ఇవ్వండి. మట్టితో ఉంటే వాళ్లూ తీసుకోరు. పురుగుమందు సీసాలు వీటిలో కలపకండి, ఇంటి ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వాలి.

ఇళ్లు కలిసి చేస్తే పని ఇంకా తేలిక. బోయినపల్లి కూరగాయల మార్కెట్లో హైదరాబాదు ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో కట్టిన బయోగ్యాస్ ప్లాంటు రోజుకు పది టన్నుల కూరగాయల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీస్తుందని 2021 జనవరిలో దేశమంతా తెలిసింది. మీ అపార్ట్‌మెంట్‌వాళ్లు కూడా గ్యాస్ ప్లాంటు పెడదామంటే, తడి కూరగాయ చెత్తకు అది సరైనదే, కానీ ఎండుటాకులు, పుల్లలు దానికి పనికిరావు. వాటికి కంపోస్టు గుంత లేదా ఇటుకల తొట్టె విడిగా ఉండాల్సిందే. మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టె అయితే డ్రమ్ము కంటే వేడి బాగా నిలుస్తుంది, త్వరగా మాగుతుంది.

ఏడాది తిరిగేసరికి మీ కుండీలకు సరిపోగా కంపోస్టు మిగలడం మొదలవుతుంది. జల్లించి, సంచి మూతి కట్టకుండా నీడలో ఉంచితే ఆర్నెల్లు పాడవదు. అప్పటికీ మిగిలితే మీకు ఆకులిచ్చిన వీధి చెట్టు మొదట్లో, కాండానికి ఆనకుండా జానెడు ఎడంగా వలయంలా వేసి, పైన కాస్త ఎండుటాకు కప్పి నీళ్లు పోయండి.